అట్టపెట్టె వెనుక ఉన్న చేతులు

నిఖా విందు నుండి తెచ్చుకున్న మిఠాయి పెట్టె ఖాళీ అయిన తరువాత దానిని మనం సాధారణంగా చెత్తబుట్టలో వేస్తాము. ఈసారి అలా చేయకండి. పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని, జిగురు అంటించిన చోట మెల్లగా విడదీసి, ఆ పెట్టెను నేలమీద పరచి చూడండి. మూత, అడుగు, నాలుగు గోడలు, లోపలికి దూర్చే నాలుకలు, గాలి ఆడే రంధ్రాలు అన్నీ కలిసి ఒకే ఒక అట్టముక్క అని తెలుస్తుంది. దాని అంచులు ఎక్కడా కత్తెర పట్టినట్లు వంకరపోవు. మడత పడవలసిన ప్రతిచోటా సన్నని గాడి ఉంటుంది. అలాంటి పెట్టెలు వేయి తీసుకొని ఒకదానిపై ఒకటి పేర్చినా అంచుకు అంచు సరిపోతుంది.

ఈ పనిని చేసే సాధనం పేరు డై. డైతో కాగితాన్ని, అట్టను కోరిన ఆకారంలో కోయడాన్ని డై కటింగ్ అంటారు. మన నగరాల ముద్రణాలయాలలో పనివారు దీనినే పంచింగ్ అని పిలుస్తారు. మన గృహిణులకు ఇది కొత్త విద్య కాదు. పిండిని పలుచగా వత్తి, గిన్నె అంచుతో నొక్కి గుండ్రని పూరీలు తీయడం కూడా డై కటింగే. గిన్నె అంచు స్థానంలో ఉక్కు అంచు, చేతి బలం స్థానంలో యంత్రబలం వచ్చాయి. ఒక్క తేడా మాత్రం ఉంది. మిగిలిన పిండిని మళ్ళీ ముద్ద చేసి వత్తవచ్చు. మిగిలిన అట్టను అలా చేయలేము. అందుకే ఒక షీటుపై ఎన్ని పెట్టెలను ఎలా ఇరికిస్తే వృథా తగ్గుతుందన్న లెక్కతోనే ఈ వృత్తి ఆరంభమవుతుంది.

మదరసాలో పాఠాలు చెప్పుకొనే నాకు ఈ విషయాలతో ఏమి పని అని పాఠకులకు సందేహం కలుగవచ్చు. ఈ విద్యను నాకు నేర్పినవాడు ఒకప్పటి నా విద్యార్థి. అతని కథను చివరలో చెబుతాను. ముందుగా అతని పనిని గురించి చెప్పడం న్యాయం.

డై ఎలా తయారవుతుంది?

డై అనగానే మనం బరువైన ఇనుప అచ్చును ఊహించుకుంటాము. అట్టపెట్టెలకు వాడే డై చాలావరకు చెక్కతో చేసినదే. సుమారు 18 మిల్లీమీటర్ల మందం గల గట్టి ప్లైవుడ్ పలకపై పెట్టె ఆకారాన్ని గీసి, ఆ గీత వెంట సన్నని చీలిక కోస్తారు. ఆ చీలికలో నిటారుగా ఉక్కు పట్టీలను దిగగొడతారు. ఈ పట్టీ మందం ముప్పాతిక మిల్లీమీటరుకు లోపే, ఎత్తు 23.8 మిల్లీమీటర్లు. అంటే పలకపైకి కొద్దిగానే తేలి ఉంటుంది. మూలలు, వంపులు ఉన్నచోట పట్టీని చిన్న యంత్రంతో వంచి, ఒక ముక్క చివర మరొక ముక్కకు సందు లేకుండా చేర్చాలి. వెంట్రుకవాసి సందు మిగిలినా అక్కడ అట్ట తెగదు, చిరుగుతుంది.

ఉక్కు పట్టీలు రెండు రకాలు. పదునైన అంచు గలది కటింగ్ రూల్, అది కోస్తుంది. గుండ్రని అంచు గలది క్రీజింగ్ రూల్. అది కోయదు, అట్టను నొక్కి మడత గాడి వేస్తుంది. క్రీజింగ్ రూల్ ఎత్తు కటింగ్ రూల్ కంటె దాదాపు అట్ట మందం మేరకు తక్కువగా ఉండాలి. ఎక్కువైతే మడతచోట అట్ట పగులుతుంది. తక్కువైతే మడత నిలువదు. అట్టలోని నార ఏ దిశలో పరుగెడుతున్నదో కూడా చూడాలి. నారకు అడ్డంగా వేసే మడతకు గాడి సరిగా లేకపోతే పైనున్న ముద్రణ చిట్లి తెల్లని గీత బయటపడుతుంది. మీ చేతిలోని పెట్టె అంచున అలాంటి గీత కనిపిస్తే, ఈ లెక్కలలో ఒకటి తప్పిందని గ్రహించండి.

పట్టీలకు ఇరువైపులా రబ్బరు ముక్కలు అంటిస్తారు. కోత ముగియగానే అట్ట బ్లేడుకు అతుక్కుపోకుండా ఈ రబ్బరు దానిని వెనక్కి నెడుతుంది. మరొక సూక్ష్మం కూడా ఉంది. కోసిన పెట్టె షీటు నుండి అప్పుడే విడిపోతే యంత్రంలో చెల్లాచెదురవుతుంది. అందుకని కటింగ్ రూల్ అంచున అక్కడక్కడ అర మిల్లీమీటరు చుట్టుపక్కల చిన్న నొక్కు పెడతారు. అక్కడ అట్ట తెగక నిలుస్తుంది. ఆ సన్నని బంధాలతోనే షీటు మొత్తం చెదరకుండా బయటికి వస్తుంది. తరువాత కట్టలుగా పేర్చి, అంచులను చేతితోనో సుత్తితోనో తట్టితే వ్యర్థం రాలిపోతుంది. పెట్టె అంచును వేలితో నెమ్మదిగా తడిమితే ఆ బంధాల గురుతు ఇప్పటికీ తగులుతుంది.

పూర్వం ఈ చీలికలను సన్నని రంపంతో కోసేవారు. 1970ల నుండి లేజరు కిరణంతో కోయడం వ్యాపించింది. పలకను లేజరు కోసినా, పట్టీని దిగగొట్టి, ఎత్తును సరిచూసి, రబ్బరు అమర్చేది మాత్రం అనేక కార్ఖానాలలో నేటికీ మనిషి చేయే.

కత్తిరింపు కళ నుండి కార్ఖానా వరకు

మన తెలుగులోని ‘కాగితం’ అనే మాట పారసీక ‘కాగజ్’ నుండి వచ్చింది. సమర్‌ఖంద్, బగ్దాదు నగరాలు కాగితపు తయారీకి పేరుపొందిన కాలం నుండి ముస్లిం ప్రపంచంలో కాగితంతో పాటు కాగితపు కళలు కూడా వర్ధిల్లాయి. వాటిలో కత్తిరింపు కళ ఒకటి. ఉస్మానీ తుర్కులు దీనిని ‘కతి’ అన్నారు. కోయడం అనే అర్థమిచ్చే అరబీ ధాతువు నుండి పుట్టిన మాట అది. 15వ శతాబ్దంలో హిరాత్ నగరంలో అందమైన లిపిని సన్నని కత్తితో కాగితంలో కోసి, మరొక రంగు కాగితంపై అంటించేవారు. 16, 17 శతాబ్దాల సంధికాలంలో బుర్సాకు చెందిన ఫఖ్రీ కాగితంతో పూలతోటలనే కోసి చూపినవాడు. గ్రంథాల తోలు అట్టలపై లోహపు పలకలతో నొక్కి అలంకారం వేసే పద్ధతి కూడా ఆ కాలపు బైండింగు పనివారికి తెలిసినదే.

అయితే అది ఒక్కొక్క ప్రతికి ఒక్కొక్క శ్రమ. ఒకే ఆకారాన్ని వేలసార్లు కోయవలసిన అవసరం పరిశ్రమలతో వచ్చింది. 19వ శతాబ్దంలో చెప్పుల అడుగుతోళ్లను ఉక్కు డైలతో కోయసాగారు. 1845లో ఇంగ్లండులో ఎడ్విన్ హిల్, వారెన్ డి లా రూ అనేవారు కవర్లను మడిచే యంత్రానికి పేటెంటు పొందారు. ఆ యంత్రానికి ముందుగా ఒకే కొలతలో కోసిన కాగితాలు కావాలి కదా! కవర్ల పరిశ్రమ పెరిగేకొద్దీ డైల అవసరం కూడా పెరిగింది.

మడతపెట్టె కథ మాత్రం ఒక పొరపాటుతో మొదలైంది. స్కాట్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన రాబర్ట్ గేర్‌కు బ్రూక్లిన్‌లో కాగితపు సంచుల కార్ఖానా ఉండేది. 1879లో అక్కడ విత్తనాల సంచులు అచ్చు వేస్తుండగా యంత్రంలోని ఒక లోహపు పట్టీ స్థానం తప్పి పైకి లేచింది. మడత వేయవలసిన చోట సంచులను కోసివేసింది. వేల సంచులు పాడయ్యాయి. గేర్ ఆ నష్టాన్ని చూసి కోపంతో ఆగిపోలేదు. ఒక పట్టీ కోయగలదు, మరొక పట్టీ మడత వేయగలదు అయినప్పుడు, రెండింటినీ వేర్వేరు ఎత్తులలో ఒకే పలకపై నిలిపితే ఒకే నొక్కులో పెట్టె మొత్తం సిద్ధమవుతుంది కదా అని ఆలోచించాడు. అంతవరకు కోత వేరు, మడత వేరుగా చేతులతో సాగిన పని ఒక్కటైంది. తరువాతి కాలంలో నేషనల్ బిస్కట్ కంపెనీ తన బిస్కట్లకు ఇలాంటి పెట్టెలనే ఎంచుకొన్నది. పీపాలలో తెరచి ఉంచి తూకం వేసి అమ్మే సరకు మూత వేసిన చిన్న పెట్టెలలో ఇల్లు చేరసాగింది.

1935లో అమెరికాలోనే స్టాంటన్ ఎవరీ వెనుక జిగురు గల లేబుళ్ల తయారీని ఆరంభించాడు. ఈ లేబుళ్ల కోతలో మరొక నేర్పు ఉంది. పైనున్న లేబుల్ తెగాలి, కిందనున్న నునుపు కాగితం తెగరాదు. అందుకే బ్లేడు పై పొరను మాత్రమే తాకి ఆగుతుంది. 1940లో స్విట్జర్లాండుకు చెందిన బాబ్‌స్ట్ సంస్థ షీటును తానే లాగుకొని, తానే కోసి బయటికి పంపే స్వయంచాలక యంత్రాన్ని తెచ్చింది. నేడు పెద్ద కార్ఖానాలలో ఇలాంటి యంత్రాలు గంటకు వేల షీట్లను కోస్తున్నాయి. లేబుళ్లకు, అలల అట్టకు గుండ్రంగా తిరిగే రోటరీ డైలు కూడా వాడుకలో ఉన్నాయి.

మన ఇంట్లో ఎక్కడెక్కడ?

ఒకసారి ఈ కన్నుతో చూడనారంభిస్తే ఇల్లంతా పంచింగ్ పనే కనిపిస్తుంది. టూత్‌పేస్టు పెట్టె, టీపొడి పెట్టె, ఉస్మానియా బిస్కట్ల డబ్బా, ఇఫ్తారుకు తెచ్చిన ఖర్జూరాల పెట్టె, దానిలో పండ్లు కనబడేలా కోసిన కిటికీ, సీసాపై గుండ్రని లేబుల్, పిల్లల బొమ్మల పుస్తకంలో ఏనుగు ఆకారపు పేజీలు, ముక్కలు చేర్చే పటం, కార్యాలయపు ఫైలు, తపాలా కవరు అన్నీ దీని సంతానమే.

ఔషధాల పెట్టెలో ఈ పనికి మరింత బాధ్యత ఉంది. మాత్రల పెట్టెను యంత్రాలే తెరిచి నింపి మూస్తాయి కనుక కొలత కొద్దిగా తప్పినా యంత్రం ఆగిపోతుంది. మందుల పరిశ్రమకు నిలయమైన హైదరాబాదులో అట్టపెట్టెల పనివారికి ఇది నిత్యానుభవం. ఐరోపా సమాఖ్య 2004 నాటి నిర్దేశంతో మందుల పెట్టెలపై అంధుల కొరకు బ్రెయిలీ లిపిలో మందు పేరు ఉండాలని నియమించింది. ఆ ఉబ్బెత్తు చుక్కలను అనేకచోట్ల కోత సమయంలోనే డైతో వేస్తారు. చూపులేని రోగి వేలికొసతో తన మందును గుర్తించగలగడం వెనుక ఈ ఉక్కు పట్టీల పనితనం కూడా ఉంది.

ఇక పెళ్లి రుఖ్ఖాలు. హైదరాబాదు పాతబస్తీలోని ఛత్తా బజారు పేరు వినని తెలుగు ముస్లిం కుటుంబం అరుదు. ఒకప్పుడు కాతిబుల కలాలతో, రాతి అచ్చులతో ప్రసిద్ధికెక్కిన ఆ బజారు, కంప్యూటరులో ఉర్దూ లిపి వచ్చిన తరువాత పెళ్లిపత్రికల ముద్రణకే ప్రధాన కేంద్రంగా నిలిచింది. మిహ్రాబు ఆకారపు తలుపులు, జాలీ కోతలు, పొరలు పొరలుగా తెరుచుకొనే కవర్లు అక్కడి దుకాణాలలో వేలాడుతుంటాయి. ఒక మాట ఇక్కడ చెప్పకుండా ఉండలేను. రుఖ్ఖా విప్పి చూసిన పదిరోజులకు అది ఎక్కడ పడుతున్నదో మనందరికీ తెలుసు. అల్లాహ్ నామాన్ని బంగారు ఫాయిల్‌తో అచ్చు వేయించి, చివరకు అది కాళ్ల కింద పడే ఏర్పాటు మనమే చేస్తున్నాము. ఒక మామూలు కార్డుతో సరిపోయే చోట అయిదు పొరల కోతలు అవసరమా అని నిఖా ఇంటివారు తమను తాము ప్రశ్నించుకోవాలి.

యంత్రం నోరు

పెద్ద స్వయంచాలక యంత్రాలు అందరికీ అందవు. చిన్న కార్ఖానాలలో నేటికీ చేతితో షీటు అందించే పంచింగ్ యంత్రాలే ఎక్కువ. రెండు ఇనుప పలకలు పుస్తకంలా తెరుచుకొని మూసుకుంటాయి. ఒక పలకపై డై ఉంటుంది. పలకలు తెరుచుకొన్న క్షణంలో పనివాడు ఒక చేత్తో కోసిన షీటును తీసి, మరొక చేత్తో కొత్త షీటును అంచులకు ఆనించి చేయి వెనక్కి తీసుకోవాలి. నిమిషానికి 20 సార్లు తిరిగే యంత్రమైతే ఈ పనికి మొత్తం మూడు సెకన్లు. ఎనిమిది గంటల పనిలో ఒక మనిషి చేయి వేలసార్లు ఆ నోట్లోకి వెళ్లి రావాలి.

నా విద్యార్థి కథ ఇక్కడ మొదలవుతుంది. పది పన్నెండేళ్ల కిందట అతడు మా మదరసాలో చదువు ముగించాడు. అప్పటికి 19 సంవత్సరాలు. అతని దస్తూరి ముత్యాల వంటిది. మా గోడలపై సబక్ పట్టికలన్నీ అతడు రాసినవే. తండ్రి మంచాన పడ్డాడు. తల్లి వచ్చి, ‘‘మౌలవీ సాబ్, వీడికి ఎక్కడైనా పని చూపించండి’’ అన్నది. నాకు పరిచయమున్న ఒక పంచింగ్ కార్ఖానా యజమానిని అడిగాను. ఆయన వెంటనే సరేనన్నాడు. నేను జీతమెంత అని అడిగాను. జుమా నమాజుకు విడుస్తారా అని అడిగాను. విడుస్తామన్నాడు. సంతోషంతో తిరిగి వచ్చాను.

అయిదవ నెలలో, షాబాను మాసంలో, అర్ధరాత్రి నాకు ఫోను వచ్చింది. రమజానుకు ముందు పెళ్లిళ్ల ఒత్తిడి; రాత్రి కూడా యంత్రం నడుస్తున్నది. షీటు కొద్దిగా పక్కకు జరిగింది. సరిచేయడానికి అతడు చేయి పెట్టాడు. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మొదటి కణుపు వరకు పోయాయి.

ఆ యంత్రానికి రక్షణ కడ్డీ లేకపోలేదు. పలకలు మూసుకొనే వేళ చేయి అడ్డం వస్తే ఆ కడ్డీకి తగిలి యంత్రం ఆగిపోవాలి. కాని అది మాటిమాటికి యంత్రాన్ని ఆపి పని మందగింపజేస్తున్నదని ఎవరో తీగతో వెనక్కి కట్టివేశారు. యజమాని ఆసుపత్రి ఖర్చు భరించాడు. ఆ తరువాత ‘‘కుర్రవాడి అజాగ్రత్త’’ అన్నాడు. హాజరు పుస్తకంలో అతని పేరే లేదు.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. ప్రమాదకరమైన యంత్రభాగాలకు రక్షణ కంచె ఉండాలని, తగిన శిక్షణగాని పర్యవేక్షణగాని లేకుండా యుక్తవయసువారిని ప్రమాదకర యంత్రాలపై నిలబెట్టరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. 1923 నాటి నష్టపరిహార చట్టం పట్టికలో బొటనవేలు పూర్తిగా పోతే 30 శాతం, చూపుడువేలికి 14 శాతం, మధ్యవేలికి 12 శాతం సంపాదనశక్తి నష్టమని రాశారు. ఆ అంకెలు చదివినప్పుడు నా కళ్ల ముందు ఆ వేళ్ల మధ్య ఇమిడిన కలం కదలాడింది. పేరు ఏ పుస్తకంలోనూ లేనివానికి ఆ శాతాలు కూడా అందడం కష్టమే.

నేను యజమానిని నిందించి ఊరకుండగలిగేవాణ్ణే. కాని పని చూపించినవాణ్ణి నేను. నమాజు సంగతి అడిగిన నోటితో యంత్రానికి కడ్డీ ఉందా అని అడగలేదు. తల్లి నాకు అప్పగించిన అమానతులో అతని చేతులు కూడా ఉన్నాయని నాకు తోచలేదు.

ఆ విద్యార్థి ఇప్పుడు

అతడు ఈ రంగాన్ని విడిచిపెట్టలేదు. కొంతకాలం తరువాత డైలు చేసే ఒక ఉస్తాదు వద్ద చేరాడు. మిగిలిన వేళ్లతోనే ఉక్కు పట్టీలు వంచడం నేర్చుకొన్నాడు. నేడు అతనికి సొంత చోటు, ఇద్దరు శిష్యులు ఉన్నారు. నిరుడు వెళ్లినప్పుడు ఒక రుఖ్ఖా డైను నా చేతిలో పెట్టి, ఇందులో రాసినదంతా ఓపికగా వివరించాడు. మిహ్రాబు వంపును చూపి, ‘‘ఉస్తాద్, మీరు నేర్పిన ఖత్ పోలేదు. కాగితం మీది నుండి ఉక్కులోకి వచ్చింది’’ అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పక్కనే ఒక పాత పంచింగ్ యంత్రం ఉంది. ప్రతి ఉదయం షీటు పెట్టకముందే శిష్యుడొకడు కర్రతో రక్షణ కడ్డీని తాకి యంత్రం ఆగుతున్నదో లేదో చూడాలి. ఆగకపోతే ఆ రోజు పని లేదు. డై బిగించేటప్పుడు, కింద సన్నని కాగితపు పట్టీలు అంటించి ఒత్తిడి సరిచేసేటప్పుడు కరెంటు మీట ఆపి ఉండాలి. వదులైన చేతుల కుర్తా, ఫోను రెండూ యంత్రం దగ్గరికి రాకూడదు. వంకరగా పడిన షీటు పాడైనా సరే, దాని కోసం చేయి పెట్టకూడదు. ‘‘ఒక షీటు ఖరీదెంత ఉస్తాద్? కొన్ని రూపాయలు’’ అన్నాడు.

ఈ పనికి పిల్లలను పంపే తల్లిదండ్రులకు, పని చూపించే మావంటివారికి కొన్ని మాటలు. ముందుగా వెళ్లి యంత్రం నడుస్తుండగా చూడండి. రక్షణ కడ్డీ ఉందా, పనిచేస్తున్నదా అని అడగండి. హాజరు పుస్తకంలో పేరు రాస్తారా, పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోటైతే ఈఎస్‌ఐలో చేర్చారా అని అడగండి. పగలంతా పనిచేసినవానిని రాత్రి కూడా యంత్రం ముందు నిలబెడతారా అని అడగండి. దురదృష్టవశాత్తు వేలు తెగితే గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి కట్టి, తెగిన భాగాన్ని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ సంచిలో ఉంచి, ఆ సంచిని మంచుగడ్డల మధ్య పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తెగిన వేలిని నేరుగా మంచులో పెట్టరాదు, కణాలు చనిపోతాయి.

కార్ఖానాలు నడిపే సోదరులకు కూడా ఒక విన్నపం. కడ్డీ వల్ల రోజుకు కొన్ని వందల షీట్లు తగ్గవచ్చు. ఆ తగ్గుదలను గిరాకీదారుకు చెప్పి, గడువు రెండు రోజులు పెంచి అడగండి. పెళ్లివారమైన మనం కూడా ఆఖరి వారంలో వెళ్లి ‘‘రేపటికే కావాలి’’ అని పట్టుబట్టడం మానుకోవాలి. ఆ తొందరకు మూల్యం ఏ కార్ఖానాలో, ఏ అర్ధరాత్రి, ఎవరి చేయి చెల్లిస్తున్నదో మనకు తెలియదు.

ఈ సంవత్సరం మా మదరసా నుండి మరొక అబ్బాయికి అట్టపెట్టెల పని చూడవలసి వచ్చింది. నేను ముందుగా వెళ్లి యంత్రాన్ని చూస్తానన్నాను. ఆ యజమాని ఆశ్చర్యపడి, ‘‘మౌలానా, మీకు యంత్రంతో ఏమి పని?’’ అన్నాడు. చూశాను. కడ్డీ తీగతో కట్టి ఉంది. విప్పించమని కోరాను. పండుగ తరువాత చూద్దామన్నాడు. అబ్బాయిని వెంటబెట్టుకొని తిరిగి వచ్చాను. ఇప్పుడతడు నా పాత విద్యార్థి వద్ద ఉక్కు పట్టీలు వంచడం నేర్చుకొంటున్నాడు. జీతం కొద్దిగా తక్కువే. వాళ్లమ్మకు ఎందుకో వివరంగా చెప్పాను. ఆమె ఒప్పుకొన్నది.